లైవ్‌లో ఆ ముప్పై సెకన్లను నెట్ మింగడం లేదు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ లైవ్ ప్రసారాలు టీవీ కంటే అర నిమిషం వెనకబడి ఎందుకు వస్తాయన్న విషయంపై మీ పత్రికలో వచ్చిన కథనం చదివాం. అడిగిన ప్రశ్న సరైనదే. ఇచ్చిన రెండు జవాబులే నిలబడవు. చూసేవాళ్ల ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండటమే కారణమన్నది ఒకటి. అర సెకనులో బొమ్మను చేరవేసే టెక్నాలజీ చేతిలో ఉండి కూడా కంపెనీలు పిసినారితనంతో వాడటం లేదన్నది రెండోది. లైవ్ వీడియో పంపిణీ పనిలో ఉన్నవాళ్లంగా ఈ రెండింటి లెక్కా చెప్పాలనిపించి రాస్తున్నాం.

ముందు వేగం సంగతి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10 వేల కిలోమీటర్ల దూరానికైనా 50 మిల్లీసెకన్లు చాలు. దారిలో రూటర్లు, మొబైల్ టవరు, ఇంట్లో వైఫై అన్నీ కలుపుకున్నా మామూలుగా 200, 300 మిల్లీసెకన్లలో తేలిపోతుంది. 30 సెకన్లలో ఇది నూరో వంతు. మిగతాది ప్రసారం చేసేవాళ్లు తెలిసి తెలిసి పెట్టుకున్న నిల్వ.

ఆ నిల్వ ఎక్కడెక్కడ ఉందో కెమెరా దగ్గర్నుంచి చూద్దాం. వీడియోను కుదించే ఎన్‌కోడర్ రాబోయే ఫ్రేములను, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మను, ముందే చూసుకుని దేనికెన్ని బిట్ల డేటా ఇవ్వాలో పంచుతుంది. ఎక్కువమంది వాడే ఎక్స్‌264 ఎన్‌కోడర్ మామూలు సెట్టింగులో 40 ఫ్రేములు ముందుకు చూస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అదొక్కటే 1.6 సెకన్లు. ముందూ వెనకా ఉన్న ఫ్రేముల ఆధారంగా కట్టే బీ-ఫ్రేములు ఇంకొంచెం కలుపుతాయి. ‘జీరో లేటెన్సీ’ ట్యూనింగ్ పెడితే ఈ రెండూ పోతాయి గానీ, అదే నాణ్యత రావాలంటే బిట్‌రేటు, అంటే సెకనుకు పంపే డేటా, పెంచాల్సి ఉంటుంది. వేదిక నుంచి క్లౌడ్‌కు పంపేటప్పుడు పాత ఆర్‌టీఎంపీ పద్ధతి అయితే, డేటా పొట్లాలను (ప్యాకెట్లను) వరస తప్పకుండా చేర్చే టీసీపీ మీద నడుస్తుంది. ఒక ప్యాకెట్ పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగాల్సిందే. 2017లో ఓపెన్ సోర్స్ అయిన ఎస్‌ఆర్‌టీ పద్ధతి, పోయిన ప్యాకెట్ కోసం ఆగని యూడీపీ మీద నడుస్తూ, మనం ఇచ్చిన గడువులోపు పోయిన ప్యాకెట్‌ను తిరిగి తెచ్చుకుంటుంది, గడువు దాటితే వదిలేస్తుంది. దాని డిఫాల్ట్ గడువు 120 మిల్లీసెకన్లు. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. రానుపోను సమయానికి నాలుగు రెట్లు పెట్టాలన్నది వాడుకలో ఉన్న లెక్క. రానుపోను 80 మిల్లీసెకన్లున్న లింకుకు 320 కావాలి. 120తో నడిపితే ఆలస్యం తగ్గినట్టే కనిపిస్తుంది, బొమ్మలో గళ్లు పడతాయి. ఆ గళ్లు ఇక్కడ ఒకసారి పడ్డాయంటే కింద చూసే లక్షలమందికీ పడతాయి కాబట్టి ఈ లింకులో 200 మిల్లీసెకన్లు మిగిల్చుకోవాలనుకోవడం చెడ్డ బేరం.

ఇంతవరకు కలిపినా మూడు నాలుగు సెకన్లే. అసలు బరువు తర్వాత పడుతుంది. హెచ్‌ఎల్‌ఎస్‌ను యాపిల్ 2009లో తెచ్చింది. వీడియోను ముక్కలుగా, అంటే సెగ్మెంట్లుగా కోసి మామూలు వెబ్ ఫైళ్లలా పంచే పద్ధతి ఇది. ఒక్కో సెగ్మెంట్ మొదట్లో 10 సెకన్లుండేది, 2016లో సిఫారసును 6కు తగ్గించారు. బస్సు నిండితేగాని కదలనట్టు, సెగ్మెంట్ పూర్తిగా తయారైతేగాని వాటి జాబితా అయిన ప్లేలిస్ట్‌లోకి ఎక్కదు. పైగా ప్లేయర్ ఆ ప్లేలిస్ట్ చివరి నుంచి మూడు సెగ్మెంట్లు వెనక్కి వచ్చి ఆడటం మొదలుపెడుతుంది. మూడు ఆర్లు 18, తయారవుతున్న సెగ్మెంట్‌కు ఇంకో 6 దాకా, ముందు చెప్పిన మూడు నాలుగు, సర్వర్లలో ఒకటి రెండు. ఇదీ మీ ముప్పై. ఇంటి కనెక్షన్‌ను 20 మెగాబిట్ల నుంచి 200కు మార్చుకున్నా ఇందులో సెకను కూడా తగ్గదు.

ఆ 18 సెకన్లు వృథా కాదని కూడా చెప్పాలి. ఫోన్ ఒక టవరు వదిలి ఇంకో టవరుకు మారే రెండు సెకన్లు, వైఫై తడబడే మూడు సెకన్లు చూసేవాడికి తెలియకుండా గడిచేది ఈ నిల్వ వల్లే. ఆలస్యం తగ్గించడమంటే ఈ నిల్వను కోయడమే.

కోతలో అన్నిటికంటే చవకైనది, చాలామంది దాటిపోయేది, సెగ్మెంట్‌ను 6 నుంచి 2 సెకన్లకు దించడం. కొత్త ప్రోటోకాల్ అక్కర్లేదు, పాత ప్లేయర్లు కూడా ఆడతాయి. మొత్తం ఆలస్యం 10 నుంచి 14 సెకన్లకు వస్తుంది. అయితే సెగ్మెంట్ కీఫ్రేమ్‌తోనే, అంటే వేరే ఫ్రేముల సాయం లేకుండా నిలబడే ఫ్రేముతోనే, మొదలవ్వాలి కాబట్టి ప్రతి 2 సెకన్లకూ కచ్చితంగా కీఫ్రేమ్ ఉండాలి. 25 ఫ్రేముల వీడియోలో కీఫ్రేమ్ దూరం 50 అని బిగించి, సీన్ మారినప్పుడల్లా సొంతంగా కీఫ్రేమ్ పెట్టే సౌకర్యాన్ని ఆపేయాలి. ఆపకపోతే ఎక్కువ నాణ్యత ఉన్న 1080 వెర్షన్‌లో ఒకచోట, తక్కువ నాణ్యత ఉన్న 480 వెర్షన్‌లో ఇంకోచోట ముక్క తెగుతుంది. ప్లేయర్ నాణ్యత మార్చిన ప్రతిసారీ బొమ్మ ఎగురుతుంది. ధ్వనిలో ఇంకో మెలిక ఉంది. ధ్వనిని కుదించే ఏఏసీ ఫార్మాట్‌లో, సెకనుకు 48 వేల శాంపిళ్లు (48 కిలోహెర్ట్జ్) ఉన్నప్పుడు, ఒక ఆడియో ఫ్రేమ్ 1024 శాంపిళ్లు, అంటే 21.33 మిల్లీసెకన్లు. 2 సెకన్లను దానితో భాగిస్తే 93.75. ముప్పావు ఫ్రేమ్ ఉండదు కాబట్టి ఆడియో ముక్కలు ఒకసారి 93, ఒకసారి 94 ఫ్రేములతో వస్తాయి. చాలా ప్లేయర్లు సర్దుకుంటాయి, కొన్ని టీవీ బాక్సులు సర్దుకోవు. టప్‌మని చిన్న చప్పుడు చేస్తాయి. 2కు బదులు 1.92 సెకన్లు పెడితే వీడియో సరిగ్గా 48 ఫ్రేములు, ఆడియో సరిగ్గా 90 ఫ్రేములు. 30 ఫ్రేముల వీడియోకైతే 1.6 సెకన్లు: 48, 75. దీనికి పైసా ఖర్చు లేదు.

అంతకంటే కిందికి దిగాలంటే సెగ్మెంట్ నిండేదాకా ఆగకుండా, తయారైన చిన్న తునకను తయారైనట్టే పంపాలి. 2018లో ప్రమాణంగా వెలువడిన సీమాఫ్ ఫార్మాట్ ఇందుకు పునాది. హెచ్‌ఎల్‌ఎస్ లాంటిదే అయిన డ్యాష్ పద్ధతిలో ఒకే సెగ్మెంట్ ఫైలును తయారవుతుండగానే ధారగా వదులుతారు. యాపిల్ 2019లో ప్రకటించిన లో-లేటెన్సీ (తక్కువ ఆలస్యపు) హెచ్‌ఎల్‌ఎస్‌లో సెగ్మెంట్‌ను ‘పార్ట్’లుగా విడదీసి ప్లేలిస్ట్‌లో చూపిస్తారు. ప్లేయర్ ‘తర్వాతి పార్ట్ ఉన్న ప్లేలిస్ట్ ఇవ్వు’ అని ముందే అడిగి కూర్చుంటుంది. సర్వర్ అది తయారయ్యేదాకా జవాబును పట్టి ఉంచి, కాగానే ఇస్తుంది. పార్ట్ అర సెకను అనుకుంటే ప్లేయర్ మూడు పార్టులు, అంటే 1.5 సెకన్లు వెనక ఉండాలన్నది సిఫారసు. ఎన్‌కోడర్ ముందుచూపును కూడా తగ్గించుకుంటే మొత్తం మీద మూడు నాలుగు సెకన్లలో బొమ్మ వస్తుంది.

ఇప్పుడు జనం సంఖ్య పెట్టి చూడండి. 6 సెకన్ల పాత పద్ధతిలో ఒక్కో ప్లేయర్ 6 సెకన్లకోసారి ప్లేలిస్ట్, ఒక సెగ్మెంట్ అడుగుతుంది. ఆడియో విడిగా ఉంటే దానికీ అంతే. 10 లక్షలమందికి సెకనుకు 6.7 లక్షల రిక్వెస్టులు. అర సెకను పార్టులతో అదే ప్లేయర్ సెకనుకు 8 సార్లు తలుపు తడుతుంది. 10 లక్షలమందికి సెకనుకు 80 లక్షలు. వీడియో బరువు పెరగలేదు, అడిగే సార్లు 12 రెట్లయ్యాయి. వీడియోను చోటుచోటా ఉన్న సర్వర్ల నుంచి పంచిపెట్టే సీడీఎన్‌లు గిగాబిట్లకే కాదు, రిక్వెస్టులకూ డబ్బు తీసుకుంటాయి. వాటిలో చూసేవాళ్లకు దగ్గర్లో ఉండే ఎడ్జ్ సర్వర్ ప్రాసెసర్ కూడా రిక్వెస్టుల కిందే నలుగుతుంది. ఆడియో వీడియో ఒకే ట్రాకులో కలిపితే సగం తగ్గుతుంది. పార్ట్ సైజు 1 సెకను చేస్తే ఇంకో సగం. ఆలస్యం ఒకటి రెండు సెకన్లు పెరుగుతుంది, పెరగనివ్వడమే మంచిది. పార్ట్‌ను 200 మిల్లీసెకన్లకు దించి డెమోలో చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. పెద్ద మ్యాచ్ రోజున ఆ సెట్టింగు ఎవరూ ఉంచరు.

ధారగా వదిలే డ్యాష్‌లో ఇంకో గోతి ఉంది, దాన్ని చాలా టీములు నెలల తరబడి గుర్తుపట్టవు. ప్లేయర్ తన లైన్ వేగాన్ని వచ్చిన బైట్లను పట్టిన సమయంతో భాగించి కొలుచుకుంటుంది. 4 మెగాబిట్ల వీడియో ఎన్‌కోడర్ నుంచి వచ్చే వేగంతోనే దిగుతుంటే, చూసేవాడికి 50 మెగాబిట్ల లైనున్నా లెక్క 4 దగ్గరే తేలుతుంది. దాంతో ప్లేయర్ పై నాణ్యతకు ఎప్పటికీ ఎక్కదు. అంకెలు చూసినవాళ్లు జనం లైన్లు బాగాలేవనుకుంటారు. మీ కథనంలోని మొదటి అపోహ బహుశా ఇలాంటి అంకెల నుంచే పుట్టి ఉంటుంది. మందు ఏమిటంటే, తునకకూ తునకకూ మధ్య ఖాళీగా ఎదురుచూసిన సమయాన్ని తీసేసి, తునక దిగిన క్షణాలనే కొలవాలి. హెచ్‌ఎల్‌ఎస్‌లో పూర్తయిన పార్టులు లైన్ వేగంతోనే దిగుతాయి కాబట్టి ఈ తిప్పలు తక్కువ. ముందుగా అడిగి కూర్చున్న పార్ట్ విషయంలో మాత్రం మొదటి బైటు వచ్చేదాకా గడిచిన సమయాన్ని లెక్కలోంచి తప్పించాలి.

ఇక అర సెకను మాట. వెబ్‌ఆర్‌టీసీతో నిజంగానే అర సెకనులోపు వస్తుంది. చాలా వీడియో కాల్స్ నడిచేది దాంతోనే. కానీ అక్కడ ఫైలు లేదు, ఒకసారి తెచ్చినదాన్ని దాచుకుని అందరికీ పంచే కాష్ లేదు. ప్రతి ప్రేక్షకుడికీ సర్వర్‌తో విడి సెషన్, విడి ఎన్‌క్రిప్షన్ తాళం. ఒకే బొమ్మను పదివేలమందికి పంపాలంటే ప్రతి ప్యాకెట్‌నూ పదివేలసార్లు విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేయాలి. మామూలు వెబ్ ఫైళ్లలా పంచే హెచ్‌టీటీపీ పద్ధతిలో 100 గిగాబిట్ల నెట్‌వర్క్ కార్డున్న సర్వర్‌ను 70 శాతం వరకు నింపితే 4 మెగాబిట్ల చొప్పున 17,500 మందికి సరిపోతుంది. వెబ్‌ఆర్‌టీసీలో కార్డు నిండకముందే ప్రాసెసర్ నిండిపోతుంది. అందుకని సర్వర్ల కింద సర్వర్లను చెట్టులా పేర్చాలి, ఒక కొమ్మ విరిగితే దాని కిందివాళ్లందర్నీ ఇంకో కొమ్మకు తిరిగి కలపాలి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ కీఫ్రేమ్ కావాలని అడుగుతాడు; సెకనుకు రెండొందలమంది చేరుతుంటే ఎన్‌కోడర్ కీఫ్రేములే తయారుచేస్తూ బొమ్మను పాడుచేస్తుంది. ఆ రిక్వెస్టులను సర్వర్ దగ్గరే ఆపి, సెకనుకు ఒక కీఫ్రేమ్ మించకుండా చూడాలి. బీ-ఫ్రేములు వాడకూడదు. ఆడియోను ఏఏసీ నుంచి ఓపస్ అనే ఇంకో ఫార్మాట్‌కు మార్చాలి. యూడీపీని అడ్డుకునే ఆఫీసు ఫైర్‌వాల్ వెనక ఉన్నవాళ్లను రిలే సర్వర్ల మీదుగా టీసీపీలో తేవాలి, అక్కడ అర సెకను మాట మరిచిపోవాలి. వేలంపాట, ప్రశ్న అడిగితే వెంటనే జవాబివ్వాల్సిన క్లాసు, ఇలాంటి చోట ఈ శ్రమంతా సబబే. చూసి ఆనందించడమే పనైన యాభై లక్షలమందికి ఇది పెట్టకపోవడాన్ని పిసినారితనం అనలేం. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్‌లో 2022 నుంచి, క్విక్ అనే రవాణా పద్ధతి మీద నడిచే కొత్త మీడియా ప్రోటోకాల్ ఒకటి తయారవుతోంది. దారిలోని రిలేలు వీడియో తునకలను దాచుకుని పంచగలవు కాబట్టి ఈ చిక్కు కొంత విడిపోవచ్చు. దానిమీద మాకు ఆశ ఉంది.

జనం పెరిగినప్పుడు వీడియో కంటే ముందు కూలేవి వేరే ఉంటాయి. లాగిన్, చందా చెల్లించారో లేదో చూసే సర్వర్లు మొదట పడతాయి. విరామం ముగిసి ఆట మొదలైన నిమిషంలో అందరూ ఒకేసారి తిరిగొస్తారు. ఒకసారి ఇచ్చిన టోకెన్‌ను, అంటే ప్రవేశ టికెట్టును, మ్యాచ్ మొత్తం చెల్లేలా ఇచ్చి, దాన్ని ఎడ్జ్ సర్వర్ దగ్గరే సరిచూసుకుంటే ఈ ఒత్తిడి చాలావరకు పోతుంది. చందా సర్వర్ నోరు మెదపకపోతే లోపలికి రానివ్వడమా, ఆపడమా అన్నది ముందు రోజే నిర్ణయించుకోవాలి. రానివ్వాలన్నది మా అభిప్రాయం.

కాష్ దగ్గర మూడు పొరపాట్లు పదేపదే కనిపిస్తాయి. ప్రతి ప్రేక్షకుడి టోకెన్‌నూ లింకు చివర తగిలించి, దాన్ని కాష్ కీలో, అంటే దాచిన ఫైలును గుర్తుపట్టే పేరులో, చేర్చేయడం ఒకటి. అప్పుడు ఒకే సెగ్మెంట్ లక్ష వేర్వేరు ఫైళ్లుగా మారి, లక్ష రిక్వెస్టులూ ఆరిజిన్ మీద, అంటే అసలు ఫైళ్లుండే మూల సర్వర్ మీద, పడతాయి. రెండోది, కొత్త సెగ్మెంట్ వచ్చిన క్షణంలో ఒకే ఎడ్జ్‌కు వచ్చిన వెయ్యి రిక్వెస్టులను ఒక్కటిగా కలపకపోవడం. ఒకటి ఆరిజిన్‌కు వెళ్లాలి, మిగతా 999 దాని జవాబు కోసం అక్కడే ఆగాలి. మధ్యలో ఒక షీల్డ్ సర్వర్ ఉంటే వందల ఎడ్జ్‌ల రిక్వెస్టులు కూడా ఒక్కటవుతాయి. మూడోది అన్నిటికంటే మోసకారి. ఏదో ప్లేయర్ అర సెకను తొందరపడి, ఇంకా తయారుకాని సెగ్మెంట్‌ను అడుగుతుంది. ఆరిజిన్ 404, అంటే ‘ఆ ఫైలు లేదు’ అంటుంది. సీడీఎన్ ఆ 404ను ఏ 10 సెకన్లో దాచిపెట్టుకుంటుంది. ఈలోపు సెగ్మెంట్ తయారైనా ఆ ప్రాంతంలో అందరికీ ‘లేదు’ అనే జవాబే వెళ్తుంది, అందరికీ ఒకేసారి బొమ్మ ఆగి లోడింగ్ చక్రం తిరుగుతుంది. ఆరిజిన్ రాసిపెట్టుకున్న రికార్డులు చూస్తే అంతా శుభ్రంగా ఉంటుంది. 404ల కాష్ గడువును సెకనుకు లేదా సున్నాకు దించడం ఒక్క లైను పని. పాత పద్ధతి ప్లేలిస్ట్‌కు గడువు సెగ్మెంట్ నిడివిలో సగం మించకూడదు. సెగ్మెంట్లు మారవు కాబట్టి వాటికి ఎంత పెట్టినా ఫర్వాలేదు.

ప్లేయర్ వైపు, విఫలమైన రిక్వెస్టును మళ్లీ పంపే ముందు ఆగే సమయం ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా, యాదృచ్ఛికంగా ఉండాలి. అందరూ సరిగ్గా 1 సెకను ఆగి ప్రయత్నిస్తే, లేవబోతున్న సర్వర్‌ను సెకనుకోసారి పడగొడుతూనే ఉంటారు. వెనకబడినవాడు 1.05 వేగంతో ఆడుతూ అందుకోవచ్చు; 1 సెకను అందుకోవడానికి 20 సెకన్లు పడుతుంది. వ్యాఖ్యానంలో ఇది ఎవరికీ తెలియదు, కచేరీలో మాత్రం చెవికి తగులుతుంది, అక్కడ వాడకపోవడమే మేలు. సామర్థ్యం సరిపోనప్పుడు తిప్పే మీట కూడా ముందే సిద్ధంగా ఉంచుకోవాలి: పై నాణ్యతను తాత్కాలికంగా తీసేయడం. 10 లక్షలమందికి 6 మెగాబిట్ల చొప్పున 6 టెరాబిట్లు కావాలి. 3 మెగాబిట్ల 720కు దించితే 3 చాలు. ఫోన్ తెరమీద తేడా పోల్చుకునేవాళ్లు తక్కువ. ఆగిపోయిన బొమ్మను పోల్చుకోలేనివాళ్లు లేరు. రెండు సీడీఎన్‌లు వాడేవాళ్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి జనాన్ని ఐదేసి శాతం చొప్పున మార్చాలి. ఒక్కసారి అందర్నీ నెడితే కాష్ ఖాళీగా ఉన్న రెండోది కూడా పడుతుంది.

మరి ఎన్ని సెకన్లు సబబు? పెద్ద క్రీడా ప్రసారానికి 5 నుంచి 8 సెకన్లని మేం చెబుతాం. 3 సెకన్లకు దించితే బలహీనమైన లైన్ల మీదున్నవాళ్లకు తరచూ ఆగుతుంది, వాళ్లు చిరాకుపడి యాప్ మూసి తెరుస్తారు, అది మళ్లీ లాగిన్ సర్వర్ల మీదికే పోతుంది. సగటు ఆలస్యం ఎంతని కంపెనీలు చెప్పే అంకెను విలేకరులు ఒంటరిగా తీసుకోవద్దని మనవి. అదే సమయంలో ఎంతమంది చూస్తున్నారు, చూసిన సమయంలో ఎంత శాతం చక్రం తిరిగింది, అందరికంటే వెనకున్న 5 శాతం మంది ఎన్ని సెకన్ల వెనక ఉన్నారు అని కూడా అడగాలి. ఎవరైనా సొంతంగా కొలవాలంటే, మిల్లీసెకన్లు చూపించే గడియారాన్ని కెమెరా ముందు పెట్టి, అసలు గడియారాన్నీ తెరమీది గడియారాన్నీ ఒకే ఫొటోలో తీస్తే చాలు. మొదట్లో ఒకసారి, గంట తర్వాత ఒకసారి తీయాలి. చిన్న చిన్న ఆగుళ్ల తర్వాత అందుకోని ప్లేయర్లు గంటలో పది పదిహేను సెకన్లు వెనక్కి జారిపోతుంటాయి.

ఒక సంగతి మాత్రం కంపెనీల తప్పేనని ఒప్పుకోవాలి. చూసేవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది ఆలస్యం కాదు, అదే యాప్ పంపే స్కోరు నోటిఫికేషన్. బొమ్మ 8 సెకన్ల వెనక ఉండగా ‘గోల్!’ అని ఫోన్ మోగుతుంది. ప్లేలిస్ట్‌లో ప్రతి సెగ్మెంట్‌కూ అసలు గడియారం సమయాన్ని రాసే వీలు హెచ్‌ఎల్‌ఎస్‌లో ఎప్పట్నుంచో ఉంది. అది రాసి ఉంటే తాను ఏ క్షణాన్ని చూపిస్తోందో ప్లేయర్‌కు తెలుస్తుంది. స్కోరు, పోల్, చాట్ సందేశం, అన్నిటికీ అదే గడియారంతో సమయం వేసి, బొమ్మ ఆ సమయానికి చేరేదాకా యాప్‌లోనే పట్టి ఉంచవచ్చు. యాప్ తెరిచి చూస్తున్నవాళ్లకు సర్వర్ నుంచి నేరుగా వెళ్లే నోటిఫికేషన్‌ను ఆపి, దాన్ని ప్లేయర్ చేతికే అప్పగించాలి. ఒక ఇంజినీరు రెండు వారాల్లో చేయగల పని ఇది, సీడీఎన్ బిల్లు రూపాయి కూడా పెరగదు.

ఇట్లు,
లైవ్ వీడియో పంపిణీలో పనిచేసే ఇంజినీర్లు